పట్నం కచేరీలు – 9: సర్వే నెంబరు 64, మాదాపూర్

గత వారం సైఫాబాద్ ప్యాలెస్ నేలమట్టం కావడం దగ్గర ఆగాం. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో, 1888లో పూర్తయిన ఆ మహలు సర్కారు కచేరీగా నూరేళ్లకు పైగా బతికింది. సచివాలయం జి బ్లాకుగా పేరు మార్చుకుంది. చివరకు 2020 జులైలో శిథిలాల లారీలెక్కి వెళ్లిపోయింది. ఈ వారం నూటపదేళ్లు ముందుకు వచ్చి, హుస్సేన్‌సాగర్ గట్టు వదిలి పడమటి గుట్టల వైపు నడుద్దాం. మాదాపూర్ సైబర్ టవర్స్ గురించి చెప్పుకోవాలి.

ముప్పయ్యేళ్లు కూడా నిండని బిల్డింగుకు చరిత్రేమిటని అడిగేవాళ్లుంటారని తెలుసు. ఈ ధారావాహిక మొదలుపెట్టిన రోజునే దీనికి ఒక వారం అట్టిపెట్టుకున్నాను. కట్టడం కళ్లెదుట నిలబడి ఉండగా, దాన్ని కట్టినవాళ్లు, అందులో తొలి ఉద్యోగం చేసినవాళ్లు ఇంకా మన మధ్య తిరుగుతుండగా దాని కథ రాసుకునే అవకాశం మన నగరానికి తరచూ దొరకదు. ప్యాలెస్‌కు దొరకలేదు. దీనికి దొరికింది.

ముందు నేల సంగతి. హైటెక్ సిటీలోని కంపెనీల రిజిస్టర్డ్ చిరునామాలు చూడండి. ప్లాటు నంబరు, హైటెక్ సిటీ లేఅవుట్, ఆ తర్వాత 'సర్వే నెంబరు 64, మాదాపూర్' అని ఉంటుంది. అద్దాల మేడల్లో నడిచే కంపెనీల కాగితాల మీద ఒక ఊరి పొలాల లెక్క ఇంకా చెరిగిపోలేదు. మాదాపూర్ అప్పట్లో హైదరాబాద్ కాదు. రంగారెడ్డి జిల్లా శేరిలింగంపల్లి పరిధిలోని గ్రామం. మహానగర పాలక సంస్థలో కలిసింది 2007లోనే. పక్కనే ఖానామెట్, కొండాపూర్, గుట్టల బేగంపేట, రాయదుర్గం. పేర్లలోనే గుట్టలూ దుర్గాలూ కనబడుతున్నాయి కదా! గ్రానైటు బండల నేల, వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. బండల మధ్య దుర్గం చెరువు. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకు నీళ్లిచ్చిన చెరువది.

ఈ దిక్కుకు మొదట వచ్చింది చదువు. 1969 తెలంగాణ ఉద్యమం, 1972 జై ఆంధ్ర ఉద్యమం ముగిశాక కుదిరిన ఆరు సూత్రాల ఒప్పందంలో భాగంగా 1974లో కేంద్రీయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. దానికి గచ్చిబౌలి దగ్గర 2,300 ఎకరాల దాకా ఇచ్చారు. బస్సు అరుదుగా వచ్చే ఆ రాళ్లలో ఇరవై ఏళ్లకు పైగా విద్యార్థులూ నెమళ్లూ తప్ప పెద్దగా సందడి లేదు. హస్తకళల కోసం శిల్పారామమూ ఈ దిక్కునే వచ్చింది. అంటే సైబర్ టవర్స్ ఒట్టి అడవిలో మొలిచిందనే మాట పూర్తి నిజం కాదు. విశ్వవిద్యాలయం, దాని దాకా వేసిన రోడ్డు, నగర విస్తరణ ఎటు పోవాలన్న ప్రణాళికాకారుల ఆలోచన, ఇవన్నీ ముందే ఆ దిక్కుకు తిరిగి ఉన్నాయి.

*

1990ల మొదట్లో హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీ నడపడమంటే ఏమిటో ఇవాళ్టి పిల్లలకు కాస్త వివరంగా చెప్పాలి. కోడ్ రాసేది ఇక్కడ, కొనేది అమెరికాలో. మధ్యలో సముద్రం దాటించే దారి ఉపగ్రహం. ఒక్కో కంపెనీ సొంతంగా డిష్షు పెట్టుకోవాలంటే ఖర్చు తట్టుకోలేదు, అనుమతులు రావు. అందుకే కేంద్ర ప్రభుత్వం 1991లో సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల సంస్థను పెట్టింది. అందరం ఎస్‌టీపీఐ అనే పిలుస్తాం. భూతల కేంద్రం దానిది, అందులోంచి కంపెనీకి ఒక లైను. సెకనుకు 64 కిలోబిట్ల లైను ఉంటే అది గొప్ప. మీ చేతిలోని ఫోను ఇవాళ దానికి వెయ్యి రెట్ల వేగంతో సినిమా చూపిస్తోంది. దిగుమతి చేసుకునే కంప్యూటర్ల మీద సుంకం మినహాయింపు, ఎగుమతి ఆదాయం మీద పన్ను మినహాయింపు కూడా ఎస్‌టీపీఐలో నమోదైతే దక్కేవి.

ఎస్‌టీపీఐ హైదరాబాద్ కార్యాలయం మొదట్లో అమీర్‌పేట మైత్రీవనంలో ఉండేది. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల కథకు అదొక మూలమని నా నమ్మకం. ఎగుమతి కంపెనీలూ, వాటికి మనుషుల్ని తయారుచేసే గదులూ ఒకే వీధిలో పెరిగాయి. కంపెనీలు మాత్రం బేగంపేట బంగళాల్లో, సికింద్రాబాద్ కమర్షియల్ కాంప్లెక్సుల్లో, బంజారాహిల్స్ ఇళ్లలో సర్దుకున్నాయి. కరెంటు పోతే జనరేటరు, జనరేటరు మొరాయిస్తే అమెరికా క్లయింటుకు సంజాయిషీ.

కాబట్టి కావలసింది ఒట్టి భవనం కాదు. కరెంటు ఆగని, లైను తెగని, ఏసీ సిద్ధంగా ఉన్న, రేపు సామాను తెచ్చుకుని ఎల్లుండి పని మొదలుపెట్టగలిగే కచేరీ కావాలి. బెంగళూరులో అలాంటివి అప్పటికే లేస్తున్నాయి. 1995 సెప్టెంబరులో ముఖ్యమంత్రి అయిన నారా చంద్రబాబునాయుడు ఆ పోటీని సొంత పోటీగా తీసుకున్నారు. ఢిల్లీలో బిల్ గేట్స్‌ను కలిసి, ల్యాప్‌టాప్ తెరచి రాష్ట్రం గురించి చూపించిన సంగతి ఆయనే అనేక సభల్లో చెప్పారు. పది నిమిషాలకు ఒప్పుకున్న భేటీ నలభై నిమిషాలు సాగిందన్నది ఆయన కథనం. కాసేపటి భేటీతో కంపెనీలు ఊళ్లకు తరలిరావు. ఇంజినీరింగ్ కాలేజీలు, భూమి ధర, అప్పటికే పేరు తెచ్చుకుంటున్న తెలుగు ఇంజినీర్లు, అమెరికాలో స్థిరపడ్డ మనవాళ్లు, 2000 సంవత్సరం దగ్గరపడుతున్న కొద్దీ తేదీల చిక్కు సరిచేయడానికి ప్రపంచమంతా పుట్టిన గిరాకీ, ఇవన్నీ కలిస్తేనే ఆ మాటకు విలువ వచ్చింది. అయితే ఆ మాట మాట్లాడటానికి ఒక ముఖ్యమంత్రి స్వయంగా వెళ్లడం కొత్త. దాన్ని తక్కువ చేయను.

కట్టే పద్ధతీ కొత్తదే. ప్రభుత్వం టెండరు పిలిచి పీడబ్ల్యూడీ చేత కట్టించలేదు. లార్సెన్ అండ్ టుబ్రో, రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ ఏపీఐఐసీ కలిసి ఎల్ అండ్ టీ ఇన్ఫోసిటీ అనే కంపెనీ పెట్టాయి. వాటాలు 89, 11 శాతం. డబ్బూ నిర్మాణమూ మార్కెటింగూ ఎల్ అండ్ టీవి, నేల సర్కారుది. నూటయాభై ఎకరాల మొత్తం పథకంలో మొదటి కట్టడం సైబర్ టవర్స్. రెండేళ్లు తిరక్కుండానే పూర్తయింది. అప్పటి దాకా సర్కారీ పనుల నత్తనడకకు అలవాటుపడిన జనానికి ఆ వేగమే పెద్ద వార్త.

*

భవనాన్ని దగ్గరగా చూద్దాం. పది అంతస్తులు, ఐదు లక్షల చదరపు అడుగులకు పైగా చోటు. గుండ్రటి ఆకారం, దాన్ని నాలుగు పాయలుగా చీల్చారు. ఒక్కో పాయ ఒక క్వాడ్రంట్. మధ్యలో ఖాళీ ప్రాంగణం, అందులో ఫౌంటెను. వంపు తిరిగిన గోడ పొడవునా అడ్డపట్టీలు, వాటి మధ్య అద్దాలు. కూడలి నుంచి ఏ వైపు నిలబడి చూసినా ముఖం ఒకేలా కనిపిస్తుంది, ఇది ముందు, అది వెనక అనే తేడా తోచదు.

ఈ నాలుగు పాయల పద్ధతి చిరునామాలోకీ ఎక్కింది. ఎస్‌టీపీఐ హైదరాబాద్ తర్వాత ఇక్కడికే మారింది. అప్పటి దాని చిరునామా '6క్యూ3, సైబర్ టవర్స్'. ఆరో అంతస్తు, మూడో క్వాడ్రంట్ అని అర్థం. కొత్తగా చేరిన కుర్రాడు కచేరీకి దారి అడిగితే సెక్యూరిటీ గార్డు 'క్యూ త్రీయా, క్యూ ఫోరా?' అని ఎదురడిగేవాడు. తప్పుడు క్వాడ్రంట్‌లో లిఫ్టెక్కితే కిందికి దిగి, ప్రాంగణం దాటి, మళ్లీ ఎక్కాలి. పాత పట్నంలో ఇల్లు దొరకాలంటే మహల్లా, దేవిడి పేరు చెప్పాలి. ఇక్కడ అంకె, అక్షరం, అంకె చాలు.

చిన్న కంపెనీలకు ఆ ముక్కలు సరిపోయాయి. అంతస్తు మొత్తం అద్దెకు తీసుకోలేనివాడు ఒక మూల తీసుకున్నాడు. పెద్దవాళ్లూ వచ్చారు. ఒరాకిల్, జీఈ క్యాపిటల్ ఇక్కడ కచేరీలు తెరిచాయి. మైక్రోసాఫ్ట్ 1998లో హైదరాబాద్‌లో అభివృద్ధి కేంద్రం మొదలుపెట్టి, తొలి ఏళ్లు ఈ గుండ్రటి గోడల మధ్యే నడిపింది. 2004లో గచ్చిబౌలిలో సొంత ప్రాంగణానికి వెళ్లింది. ముప్పైమందికి ఒక మూల, మూడొందలమందికి ఒక అంతస్తు, ఇంకా పెరిగితే సొంత క్యాంపస్. ఈ ఐటీ కారిడార్‌లో ఎన్నో కంపెనీలు ఎక్కిన మెట్లివి. మొదటి మెట్టు మాత్రం సైబర్ టవర్స్.

1998 నవంబరు 22న ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి దీన్ని ప్రారంభించారు. పోఖ్రాన్ అణుపరీక్షలు జరిగి ఆరు నెలలే అయింది, అమెరికా ఆంక్షలు అమల్లో ఉన్నాయి. ఆంక్షలు పెట్టిన దేశానికి పనిచేసి పెట్టే కచేరీని ప్రధాని ప్రారంభిస్తున్నారు. 2000 మార్చి 24న ఆ దేశ అధ్యక్షుడు బిల్ క్లింటనే హైటెక్ సిటీకి వచ్చి ప్రసంగించారు. ఏడాదిన్నర లోపు తిరిగిన ఈ మలుపును దౌత్య చరిత్ర పుస్తకాలు వేరే రకంగా వివరిస్తాయి. సాఫ్ట్‌వేర్ ఎగుమతి ఆ మలుపులో తన పాత్ర తాను పోషించిందనడంలో నాకు సందేహం లేదు.

అదే 1998లో గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ తలుపులు తెరిచింది. దాని పాలకమండలికి అధ్యక్షత వహించింది చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి ట్యూరింగ్ పురస్కారం దాకా వెళ్లిన రాజ్‌రెడ్డి. కచేరీ ఒకవైపు, కాలేజీ ఒకవైపు. ఈ జంటలో కాలేజీ గురించి మనం తక్కువ మాట్లాడుకున్నాం. దానికి వేరే వ్యాసం బాకీ.

*

ఒక భవనం బొమ్మ ఇంత త్వరగా ఊరూరా తెలిసిపోవడం తెలుగు నేల మీద చార్మినార్ తర్వాత దీనికే దక్కింది. పోస్టుకార్డుల మీద, స్కూలు పుస్తకాల అట్టల మీద, క్యాలెండర్ల మీద ఎక్కింది. సినిమాలో హీరోకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగమని చెప్పడానికి డైలాగు అక్కర్లేకుండా ఈ గోడల మీదుగా కెమెరా తిప్పితే సరిపోయేది. పెళ్లి సంబంధాల్లో 'అబ్బాయి హైటెక్ సిటీలో' అనే మాట చాలు, కంపెనీ పేరు తర్వాత.

బొమ్మ అంత పెద్దదైనందుకే కోపానికీ అదే గురి అయింది. ఈ భాగాన్ని దాటవేసి సైబర్ టవర్స్ చరిత్ర రాస్తే అది కరపత్రం అవుతుంది. 2000 ఆగస్టు 28న కరెంటు ఛార్జీల పెంపునకు వ్యతిరేకంగా వామపక్షాలు అసెంబ్లీకి చేసిన ప్రదర్శనపై బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు చనిపోయారు. ఆ ఏళ్లలో తెలంగాణ, రాయలసీమ పల్లెలు కరవులో ఉన్నాయి. బోర్లు ఎండాయి, అప్పుల పాలైన రైతుల ఆత్మహత్యల వార్తలు రోజూ జిల్లా పేజీల్లో వచ్చేవి. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియక రాత్రంతా మోటారు దగ్గర కాపలా కాసే రైతుకు, ఒక్క క్షణం కూడా కరెంటు పోని ఆ భవనం ఏమని కనిపించి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

వై.ఎస్. రాజశేఖరరెడ్డి 2003 ఏప్రిల్ 9న పాదయాత్ర మొదలుపెట్టింది చేవెళ్లలో. చేవెళ్ల కూడా ఇదే రంగారెడ్డి జిల్లా, ఈ అద్దాల మేడలకు పడమటగా కారులో గంట దూరం. 2004లో తెలుగుదేశం 47 సీట్లకు పడిపోయింది, కాంగ్రెస్‌కు 185 వచ్చాయి. 'హైటెక్ ఓడింది, పల్లె గెలిచింది' అన్న విశ్లేషణ ఆ వారమంతా వినబడింది. అందులో నిజముంది, పూర్తి నిజం లేదు. కొత్త ప్రభుత్వం ఉచిత కరెంటు ఫైలు మీద మొదటి సంతకం పెట్టింది. పెట్టి, ఈ కారిడార్‌నూ ఆపలేదు. అవుటర్ రింగు రోడ్డు, 2008లో శంషాబాద్ విమానాశ్రయం దాని హయాంలోనే ముందుకు సాగాయి. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు ఎవరికి ఏం దక్కాలన్న ప్రతి వాదనలోనూ సైబరాబాద్ ఆదాయం మొదటి పేజీలో ఉంది. మూడు పార్టీల ప్రభుత్వాలు ఈ దిక్కునే పెంచాయి. పల్లె అడిగిన ప్రశ్నకు మాత్రం సమాధానం ఇంకా పూర్తిగా రాలేదు.

*

ఇక ఇవాళ. 2019 మార్చిలో అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి మెట్రో వచ్చింది. స్టేషన్ దిగి నడిచి సైబర్ టవర్స్ దగ్గరికి వెళ్లేవాళ్లకు ఒకప్పుడు ఆకాశం కింద ఒంటరిగా నిలిచిన ఆ భవనం ఇప్పుడు పొట్టిగా కనిపిస్తుంది. చుట్టూ పాతిక, ముప్పై అంతస్తులు. 2019 ఆగస్టులో నానక్‌రామ్‌గూడ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో అమెజాన్ తెరిచిన ఒక్క ప్రాంగణంలోనే కచేరీ చోటు 18 లక్షల చదరపు అడుగులు. సైబర్ టవర్స్ లాంటివి మూడు అందులో పడతాయి.

ఈ ఎత్తుకు కారణం ఒక జీవో. 2006 మార్చిలో వచ్చిన జీవో 86తో, ప్లాటు విస్తీర్ణానికి ఇన్ని రెట్లే కట్టాలన్న పరిమితి హైదరాబాద్‌లో పోయింది. రోడ్డు వెడల్పు, చుట్టూ వదలాల్సిన ఖాళీ, అగ్నిమాపక అనుమతి, విమానాశ్రయం వాళ్ల ఎత్తు పరిమితి, ఇవి చూసుకుని ఎంతైనా లేపొచ్చు. ముంబైలో, బెంగళూరులో లేని వెసులుబాటు ఇది. దీని వల్ల అద్దెలు అదుపులో ఉన్నాయి, కంపెనీలు వచ్చాయి. దీని వల్లే పది అంతస్తుల పాత భవనం కింది నేలకు, ఆ భవనం కన్నా ఎక్కువ విలువ వచ్చింది.

అది ఎక్కడికి దారితీస్తుందో 2023 సెప్టెంబరు 23న చూశాం. మాదాపూర్ మైండ్‌స్పేస్‌లో రెండు కచేరీ భవనాలను పేలుడు పదార్థాలతో క్షణాల్లో కూల్చారు, వాటి చోట పెద్దవి కట్టడానికి. పాతికేళ్ల లోపు భవనాలవి. యజమానికి ఆ హక్కుంది, లెక్కా సరిపోయే ఉంటుంది. సైబరాబాద్‌లో కచేరీ భవనానికి సహజ మరణం రాదని మాత్రం ఆ రోజు తేలిపోయింది.

మరి దేన్ని ఉంచుకోవాలి? మిగతా ప్రపంచం ఈ ప్రశ్నను ముందే ఎదుర్కొంది. న్యూయార్క్ పార్క్ అవెన్యూలో సబ్బుల కంపెనీ లీవర్ 1952లో కట్టుకున్న లీవర్ హౌస్, ఆ నగరపు తొలి అద్దాల మేడల్లో ఒకటి. ఆ నగరం చట్టం ప్రకారం ముప్పయ్యేళ్లు నిండితే ఒక కట్టడాన్ని వారసత్వంగా గుర్తించొచ్చు. లీవర్ హౌస్‌ను కూల్చి ఇంకా ఎత్తుగా కట్టాలన్న ఒత్తిడి బలంగా ఉండగా, సరిగ్గా ముప్పయ్యేళ్లకు, 1982లో దాన్ని గుర్తించారు. ఆ తర్వాతే అసలు పని. అద్దాల వెనక ఉక్కు చట్రంలోకి నీరు దిగి తుప్పుపట్టింది, అద్దాలు పగలసాగాయి. 2001 ప్రాంతంలో ముఖగోడ మొత్తం విప్పేసి, బయటికి అచ్చం పాతదే అనిపించేలా కొత్త చట్రం, కొత్త అద్దాలు బిగించారు. లండన్ ఆర్థిక కేంద్రంలో రిచర్డ్ రోజర్స్ రూపొందించిన లాయిడ్స్ భవనం 1986లో తెరుచుకుంది. పాతికేళ్లకే, 2011లో, దానికి అక్కడి అత్యున్నత రక్షణ శ్రేణి ఇచ్చారు.

మన దేశంలో జరిగింది వేరు. ఢిల్లీ ప్రగతి మైదాన్‌లో రాజ్ రెవాల్ రూపకల్పన చేసి, మహేంద్ర రాజ్ ఇంజినీరుగా 1972లో నిలబెట్టిన హాల్ ఆఫ్ నేషన్స్‌ను 2017 ఏప్రిల్‌లో రాత్రికి రాత్రి కూల్చేశారు. అరవై ఏళ్లు నిండనివి వారసత్వం లెక్కలోకి రావన్నది అక్కడ చెప్పిన కారణం. అరవై నిండేదాకా నిలవనివ్వకుండా అరవై నిండలేదనడం నాకు మింగుడుపడని వాదన.

హైదరాబాద్ సంగతికొస్తే, 1981లో హుడా తెచ్చిన 13వ నిబంధన దేశంలోనే ముందుచూపున్న ఏర్పాట్లలో ఒకటి. నవాబుల దేవిళ్లతోపాటు రాళ్లను కూడా తర్వాత ఆ జాబితాలో చేర్చారు. శిల్పారామంలోని ఎలుగుబంటి ముక్కు లాంటి బండ, దుర్గం చెరువు చుట్టూ గుట్టలు, విశ్వవిద్యాలయంలోని పుట్టగొడుగు రాయి అలా రక్షణ పొందాయి. రాళ్ల కోసం ఉద్యమించిన పౌరుల పట్టుదల ఫలితమది. 2015 డిసెంబరులో ఆ నిబంధనను తొలగించారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. 2019లో ఎర్రమంజిల్ మహలును కూల్చబోతే హైకోర్టు అడ్డుపడింది. అంటే 250 కోట్ల ఏళ్ల రాయిని కాపాడాలనుకున్న నగరం ఇది, నూటయాభై ఏళ్ల మహలు కోసం కోర్టుకెళ్లిన నగరం. ఆ రాయికి కూతవేటు దూరంలో ఉన్న 1998 నాటి కట్టడం గురించి మాత్రం ఇంకా ఎవరూ పెద్దగా మాట్లాడటం లేదు.

కాపాడటమంటే తాళం వేసి మ్యూజియం చేయమని నేననను. కచేరీగా కట్టారు, కచేరీగానే నడవాలి. లోపల లిఫ్టులు, ఏసీలు, వైర్లు ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. మారకూడనివి కొన్నే: ఆ గుండ్రటి ఆకారం, నాలుగు పాయలు, మధ్య ప్రాంగణం, కూడలి వైపు కనిపించే వంపు గోడ. కోఠీ రెసిడెన్సీని బాగుచేసేటప్పుడు డంగు సున్నం తెలిసిన మేస్త్రీలు కావాల్సి వచ్చింది. దీనికి అల్యూమినియం చట్రాలు, అద్దాల అతుకుల్లోని సిలికాన్, కాంక్రీటులోని ఇనుము తెలిసినవాళ్లు కావాలి. సున్నం గోడ రెండొందల ఏళ్లు ఓపిక పడుతుంది, అద్దాల అతుకు ఇరవై పాతికేళ్లకే అలసిపోతుంది. కొత్త కట్టడాలకే తొందరగా వైద్యం కావాలన్న సంగతి లీవర్ హౌస్ నేర్పింది.

దానికన్నా ముందు చేయాల్సినవి, ఖర్చు తక్కువైనవి ఉన్నాయి. నిర్మాణ నమూనాలు, పునాది తవ్వకం నాటి ఫొటోలు, ఏ అంతస్తులో ఏ ఏడాది ఏ కంపెనీ ఉందో చెప్పే అద్దె రిజిస్టర్లు ఒక్క చోటికి చేర్చాలి. అక్కడ బండలు కొట్టిన కూలీల, మాదాపూర్‌లో భూములు పోయిన కుటుంబాల, రాత్రి షిఫ్టు క్యాబ్ డ్రైవర్ల, తొలి ఉద్యోగుల మాటలు రికార్డు చేయాలి. అప్పుడు పాతికేళ్ల కుర్రాళ్లు ఇప్పుడు యాభై దాటారు. విశ్వవిద్యాలయం చరిత్ర శాఖ, ట్రిపుల్ ఐటీ రెండూ ఐదారు కిలోమీటర్ల లోపే ఉన్నాయి. న్యూయార్క్ లెక్కన చూసినా సైబర్ టవర్స్‌కు ముప్పయ్యేళ్లు నిండేది 2028 నవంబరులో. అప్పటికి ఈ పని మొదలైతే చాలు.

మీలో ఎవరి దగ్గరైనా 1998, 2003 మధ్య ఆ ప్రాంగణంలో తీసుకున్న ఫొటోలు, పాత గుర్తింపు కార్డులు, మొదటి నెల జీతం స్లిప్పులు ఉంటే పత్రిక కార్యాలయానికి నకళ్లు పంపండి. వాటిని ఈ ధారావాహిక పుస్తకంగా వచ్చేటప్పుడు చేర్చుకుందాం.

(వచ్చే వారం: నానక్‌రామ్‌గూడ, రాళ్లగుట్టల మీద ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్)